కాగితం పూల మధ్య సిమెంటు విగ్రహం

ఆయన పేరు అడగలేదు. అడగాలని అనిపించలేదు కూడా.

కడియం నర్సరీలో పువ్వులనీ విగ్రహాలనీ వదలకుండా తీసిన ఫొటోలను రాజమండ్రి బస్సులో చూసుకుంటున్నాను. ఎర్ర కాగితం పూల మధ్య, చంకలో కుండ నుంచి నీళ్లు పోస్తున్న సిమెంటు ఆడమనిషి కనపడగానే పక్కసీటాయన వంగి చూశారు.

"మా మొదటావిడండి. పోయాక పొలంలో నిలబెడదామని చేయించాను. ఇప్పటావిడ వద్దంది. శిల్పి నర్సరీకి అమ్మేసుకున్నాడు."

ఫోను ఆయన వైపు జరిపాను.

"దణ్ణం పెడుతున్నట్టు చేయించానండి. చేతులు విరగ్గొట్టి కుండ పెట్టినట్టున్నారు," అంటూ రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేశారు. ముఖం చూసుకుంటారనుకున్నాను. దాన్ని పక్కకి జరిపేసి పూల దగ్గర ఆగారు.

"ఈ రంగు మొక్కలు అక్కడ ఇంకా ఉన్నాయాండీ? మా ఆవిడ మేడ మీదికి అడుగుతోంది."