నాలుగు ముక్కల నాగరత్నం

మా చిన్నప్పుడు... నర్సీపట్నంలో ఆదివారం సాయంత్రం టీ తాగాక మా అరుగు మీద పుస్తకం గురించి మాటలు మొదలయ్యేవి. చదివేవాళ్ళు నలుగురే. పక్కింటి రిటైరైన రామ్మూర్తి మాస్టారు, ఎదురింట్లో జాకెట్లు కుట్టే సూరీడమ్మ పిన్ని, మా అప్పారావు మావయ్య, మా అమ్మ. మావయ్య అమ్మకి తమ్ముడు, బస్సు కండక్టరు.

నలుగురికీ పుస్తకం ఒక్కటే. ఒకరి తరువాత ఒకరు చదివితే, చివరివాళ్ళకి చేరేసరికి మొదటివాళ్ళు మరిచిపోయేవారు. అందుకని మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టారు... పుస్తకం రాగానే నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ దబ్బనంతో, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్ట వేసేవారు. తలా ఒక ముక్క. ఆదివారం ఆదివారం చేతులు మార్చుకోవాలి. మధ్యలో మార్చుకోకూడదు.

ఇది చాలాకాలం బాగానే నడిచింది... ఎందుకంటే పుస్తకాన్ని ఎంచేది ఎప్పుడూ మాస్టారే. ప్రకృతి వైద్యం, సత్ప్రవర్తన, ఉదయపు నడక వల్ల లాభాలు... వాటిని ఎటునుంచి చదివినా ఒకేలా నిద్ర వచ్చేది.

"మాకూ వంతులియ్యండి మాస్టారూ" అని పిన్ని గోలపెట్టగా పెట్టగా ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఎంచిన పుస్తకం మీద గంటసేపు మాటలు సాగాలి. సాగలేదా, వాళ్ళకి మళ్ళీ వంతు లేదు. మాస్టారి పుస్తకాల మీద మాస్టారే గంట మాట్లాడేవారు కనుక ఆయన వంతు ఎప్పుడూ పోలేదు.

పిన్ని అల్లికల పుస్తకం తెచ్చింది. పావుగంటలో మాటలైపోయాయి. మావయ్య మోటారు రిపేరు పుస్తకం తెచ్చాడు. దాని సంగతి చెప్పక్కర్లేదు.

ఇక మిగిలింది అమ్మ. అమ్మ వంతు కూడా పోతే ఎప్పటికీ ఉదయపు నడకే...

అమ్మ అరుగు చివర కూర్చుని వినడమే గాని నోరు విప్పేది కాదు. తన వంతుకని బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి ముందు నిలబడి ఒక నవల నాలుగు పేజీలు తిరగేసింది. ఐదో పేజీలో ఉండగా బస్సు వెళ్ళిపోయింది. అదే కొనుక్కుని నడిచి వచ్చింది.

మాస్టారు అలవాటు ప్రకారం దాన్నీ కోశారు. ఇది కథ కదా, కోస్తే వరస తెగుతుందని ఒక్కరికీ తట్టలేదు. మొదటి ముక్క ఆయన తీసుకున్నారు. రెండోది పిన్నికి, మూడోది అమ్మకి, నాలుగోది మావయ్యకి.

ఆదివారం వచ్చింది.

"ఈ కథలో నాగరత్నం చాలా నెమ్మదైన పిల్ల. నోరెత్తి మాట్లాడదు" అని మాస్టారు మొదలుపెట్టారు.

"నెమ్మదేటండీ బాబూ!" అంది పిన్ని. "అత్తగారి సందుగుపెట్టి తెచ్చి ఈదిలో పడీసింది."

"అత్తగారా? ఇంకా పెళ్ళే కాలేదమ్మా!"

"కాకపోడమేటి? మొగుడు సుబ్బారాయుడు ఎంత మంచోడని!"

"సుబ్బారాయుడెవుడు?" అన్నాడు మావయ్య. "ఆవిడ మొగుడు నారాయణ కదా. పాపం నాగరత్నం సచ్చిపోనాక ఆ ముసిలాయన దినం బోజనాల్లో ఒక్క ముద్ద ముట్టనేదు."



"ఓరి నీ ఇల్లు బంగారం గానూ, సంపీసినావేట్రా!" అని పిన్ని నెత్తి బాదుకుంది. "నానింకా ఆ పిల్లకి సీమంతం ఎప్పుడా అని సూస్తన్నాను!"

"నా ముక్కలో సచ్చిపోయే ఉంది. నన్నేటి సెయ్యమంతావు?"

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. "ఈ పుస్తకానికి తలా తోకా లేదు. సత్యవతమ్మా, నీ వంతు పోయినట్టే."

అప్పుడు అమ్మ నోరు విప్పింది. "రెండూ ఉన్నాయండీ మాస్టారూ. తల మీ దగ్గరుంది, తోక మా తమ్ముడి దగ్గరుంది. కోసింది మీరే కదండీ?"

మావయ్య పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. "అది సరే... సుబ్బారాయుడు పోయి నారాయణ ఎలా వొచ్చీసినాడు?"

ముగ్గురూ అమ్మ వైపు తిరిగారు. మూడో ముక్క అమ్మది.

"నాది ఇంకా అవలేదు. వచ్చే ఆదివారం మార్చుకుని చదువుకోండి" అని అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ముగ్గురూ వీధి దీపాలు వెలిగేదాకా సుబ్బారాయుడి గురించి తగువులాడుకున్నారు. గంట ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు.

మర్నాడు కృష్ణదేవిపేట బస్సు మా వీధి మొగలో ఆగింది. మావయ్య పరుగున వచ్చి "అక్కా, ఒక్క ముక్క సెప్పవే" అని బతిమాలాడు. బస్సులోంచి "బేగి రావయ్యా కండట్రూ!" అని కేకలు. అమ్మ చెప్పలేదు. పిన్ని ఇంకా చేతులు కుట్టని జాకెట్టు పట్టుకుని వచ్చింది. ఆమెకీ చెప్పలేదు.

మంగళవారం తెల్లవారుతూనే మాస్టారు వచ్చారు. తువ్వాలు కింద మొదటి ముక్క.

"నాది అయిపోయిందమ్మా... నీది ఒకసారి..."

"ఆదివారం తప్ప మార్చకూడదు కదండీ?"

ఆయన గొంతు తగ్గించారు. "వచ్చే నెల కూడా నువ్వే ఎంచుదువుగానిలే."

"కొయ్యనంటే ఎంచుతానండీ."

"కొయ్యను."

అమ్మ మూడో ముక్క ఇచ్చింది. మాస్టారు ఇంటిదాకా కూడా వెళ్ళలేదు. మా అరుగు మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టారు. ఆ రోజు ఉదయపు నడక లేదు...

మరుసటి నెల నుంచి అమ్మ పైకి చదివేది, ముగ్గురూ వినేవారు. అడుగడుక్కీ అడ్డుపడేవారు.

ఇప్పుడు నేనూ ఫోన్‌లో ఒక పుస్తకాల గ్రూపులో ఉన్నాను. పుస్తకం మొత్తం క్షణంలో అందరికీ చేరుతుంది. ఆదివారం ఒకరు "చాలా బాగుంది" అంటారు, ఇంకొకరు చేతులు జోడించిన బొమ్మ పెడతారు... చర్చ ముగిసిపోతుంది. కథలో ఏమైందో తెలియక నిద్రపట్టక మన గుమ్మం ఎక్కే మనిషి ఇప్పుడెవరున్నారు?

మీకు అలాంటివాళ్ళు ఉండేవారా? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి... నేను తీరిగ్గా చదువుకుంటాను.