మా అన్నయ్య ‘ఆయ్’

మా అన్నయ్య నోట ఎప్పుడూ ఒకటే మాట, ‘ఆయ్’. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ‘వింటున్నానండి’ అన్నట్టుగా మా గోదావరి వాళ్ళం అనే మాట అది. అన్నయ్యకు పెద్దా చిన్నా లేదు, చెల్లెలినైన నాకూ అదే. చేపల బుట్ట మీద కాకి అరిచినా ‘ఆయ్’ అనేవాడు. “కాకిగారికి కూడానా అన్నయ్యా?” అని ఏడిపించేదాన్ని.

అమ్మ పోయాక అన్నయ్యకు మతి చెదిరింది. ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయనేవాడు. రాజమండ్రి డాక్టరుగారి మాత్రలు వేసుకున్నన్నాళ్ళు మామూలుగా చేపల వేటకు వెళ్ళేవాడు. తొంభైల్లో ఒక వేసవిలో మాత్రలు మానేశాడు. అమ్మ అవతలి ఒడ్డు నుంచి పిలుస్తోందంటూ ఎవరిదో నావ విప్పుకుని గోదావరి దాటేశాడు. నావ గలవాళ్ళు కేసు పెట్టారు.

వాయిదా రోజు పోలీసులు కోర్టు వరండాలో కూర్చోబెడితే, నేనే తల దువ్వి చెప్పాను. “జడ్జిగారు ఏమడిగినా ఎదురు చెప్పకు అన్నయ్యా. మర్యాదగా ఉండు.”

జడ్జిగారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చారు.

“నావ దొంగిలించావా?”

“ఆయ్.”

“నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా?”

“ఆయ్.”

నేను చెప్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పాడు. అన్నయ్య జబ్బు సంగతి రాసిన డాక్టరుగారి చీటీ నా కొంగున ముడేసే ఉంది. వీధి కుళాయి దగ్గర నలుగురిని ఓడించే నా నోరు అక్కడ పెగల్లేదు. మూడు నెలల జైలు వేశారు.

బయటికొచ్చాక ఆ చీటీ కోర్టు గుమాస్తాగారికి చూపించాను.

“ముందే చూపించాల్సిందమ్మా. తనే ఒప్పేసుకున్నాడు కదా?”

“ఒప్పుకోలేదండి. ఆయ్ అన్నాడంతేనండి!”

ఆయనా మా వైపు మనిషే. తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు.

ఆ మూడు నెలలూ ఇంట్లో ఏం మాట్లాడినా ‘ఆయ్’ కోసం అలవాటుగా ఆగేదాన్ని. మా ఇల్లు అంత మూగదని అప్పుడే తెలిసింది.

అన్నయ్య తిరిగొచ్చిన రోజు చేపల పులుసు పెట్టాను. “ఆకలేస్తోందా అన్నయ్యా?” అని అడిగాను. గబుక్కున లేచి, గోడవారగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“నేను కాదండి,” అన్నాడు.

ఎవరేమడిగినా అలా అనమని జైల్లో ఎవరో నేర్పారట. వాళ్ళూ మంచికే చెప్పి ఉంటారు, నాలాగే.

మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నాడు, వేటకూ వెళ్తున్నాడు. ఇన్నేళ్ళయినా బుట్ట మీద కాకి అరిస్తే నేను అన్నయ్య వైపే చూస్తాను, ఒక్కసారి అంటాడేమోనని.