కుర్చీలో కత్తెరాయన

ఇరవై రెండేళ్లుగా కత్తెరాయన తన సెలూన్‌లో నిలబడే ఉన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ గుర్రుపెట్టి నిద్రపోతాడు. కాళ్లు పీకేది మాత్రం ఈయనకే. "ఒక్క పూట నడుం వాలిస్తే కొంపలేం మునిగిపోవు" అని భార్య రోజూ పోరేది.

ఒక మధ్యాహ్నం ఎవరూ రాలేదు. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, మెడదాకా గుడ్డ కప్పుకుని, మొహం మీద వేడి తువ్వాలు వేసుకుని ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

మాటలు వినబడి మెలకువ వచ్చింది. బెంచీ మీద నలుగురు చేరారు. ఆయన కదలగానే ఒక పెద్దాయన వారించాడు.

"లేవకు బాబూ, నీ వంతు పోతుంది. గంట నుంచి చూస్తున్నాం, ఆ కత్తెరాయన జాడే లేదు."

"పని వదిలేసి ఎక్కడ బలాదూర్ తిరుగుతున్నాడో!" అన్నాడు పక్కాయన.

కత్తెరాయనకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో ఒక్క గంట! లేచి నలుగురినీ కడిగేద్దామనుకున్నాడు. కానీ కుర్చీ ఎంత మెత్తగా ఉందో ఆయనకు ఆ రోజే తెలిసింది.

"ఆయనంతే లెండి" అన్నాడు తువ్వాలు కిందనుంచి, గొంతు మార్చి.

సాయంత్రానికి విసిగిపోయి నలుగురూ లేచారు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ కుర్చీ దగ్గర ఆగి జాలిపడ్డాడు.

"పాపం, అందరికంటే ముందొచ్చింది నువ్వే."