చెప్పుల్లేకుండా తెరవాల్సిన ఫ్రిజ్జు

ఇందుకూరుపేట పక్కన మా అత్తగారింట్లో కొత్త కోడలిగా కాలుపెట్టిన ఆ రోజుల్ని తల్చుకుంటే ఇప్పటికీ నా కుడిచెయ్యి మోచేతి దాకా జిల్లుమంటుంది. అత్తగారంటే భయం అందరికీ ఉండేదే, నాకు ఆమె ఫ్రిజ్జన్నా భయమే. సముద్రపు గాలికి అడుగున తుప్పు పట్టి, పెయింటు పెచ్చులూడి, ఉన్నట్టుండి గడగడా వణికే ఆ ఫ్రిజ్జు, ముట్టుకుంటే షాకు కొట్టేది. చిట్టమూరు వైపు మా పుట్టింట్లో అసలు ఫ్రిజ్జే లేదు. అందుకని మొదటిసారి కొట్టినప్పుడు, చల్లటి వస్తువు కదా, జిల్లుమంటుంది కాబోలు అనుకున్నా. (నవ్వకండి, డిగ్రీ పాసైనదాన్నే.)

రెండోసారి పెరుగు గిన్నె చేతిలో ఉండగా కొట్టింది. భుజం దాకా లాగేసింది. అయినా గిన్నె వదల్లేదు, కింద పడితే అత్త ఏమంటుందోనని! మా ఆయనకి చెబితే టెస్టరు తెచ్చి ఫ్రిజ్జుకి ఆనించి, అది వెలగ్గానే పరీక్ష పాసైనంత సంబరంగా "చూసినావా, కొంచెంగా వస్తా ఉంది. చక్కిలిగింత పెట్టినట్టుంటుంది, అంతే. చెప్పులేసుకొని తెరువు" అని చెప్పి పోయినాడు. చెప్పులా! ఆ వంటింట్లోనా! గడప దగ్గర చెప్పు కనిపిస్తేనే అత్త ఇల్లంతా కడిగించేది. "లచ్చిందేవి తిరిగే చోటమ్మాయ్ ఇది" అనేది. పోనీ ఆమెకే చెబుదామంటే, "మేమంతా తెరవలా? నువ్వొక్కదానివే సుకుమారివా?" అంటుందేమోనని ఊరుకునేదాన్ని.

"అమ్మాయ్, పెరుగు తేవే! అమ్మాయ్, రొయ్యలు బయటపెట్టు! అమ్మాయ్, నిమ్మకాయ!" పిలిచినప్పుడల్లా నా గుండె గుభేల్‌మనేది. ఆమె మాత్రం పొయ్యి దగ్గర్నించి కదిలేది కాదు. (అదంతా పెత్తనం అనుకునేదాన్ని.) కొంగు చేతికి చుట్టుకుని, పీట మీద నిలబడి, కళ్లు మూసుకుని తలుపు లాగేదాన్ని. ఈ ఫ్రిజ్జు చేతిలోనే నా చావు రాసిపెట్టి ఉందని నిజంగానే నమ్మినా. పుట్టింటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మతో ఊరికే ఏడ్చేదాన్ని, ఎందుకో చెప్పకుండా.

ఇక తట్టుకోలేక ఒక మధ్యాహ్నం, అత్త పెరట్లో చేపలు కడుగుతుంటే, నా హవాయి చెప్పులు కొంగులో దాచి వంటింట్లోకి తెచ్చినా. వేసుకుని ఫ్రిజ్జు తెరిస్తే షాకు కొట్టలేదు. ప్రాణం లేచొచ్చింది! వాటిని దాచేద్దామని బియ్యం డ్రమ్ము వెనక చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. ఎలకేమోనని కెవ్వుమన్నా. తీరా చూస్తే చెప్పులు! నీలం వార్లు, ఒక పక్కకి అరిగిన మడమలు. ఎవరో ఎత్తుకపోయినారని అత్త వీధి వీధంతా తిట్టిపోసిన ఆమె చెప్పులే అవి.

నా కేక విని, చేతిలో చేపతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది అత్త. నా చేతుల్లో రెండు జతలు. అత్త వాటిని చూసి, మెల్లగా అడిగింది.

"నీకూ కొడతా ఉందా?"

"కొడతా ఉందత్తా."

"మరి చెప్పలేదేందే?"

"మీరంటే భయమత్తా."

ఆమె పీట మీద కూలబడింది. "నువ్వు గమ్మున తెస్తా ఉంటివి. నీకు కొట్టడంలా, నా ఒంట్లోనే ఏదో తేడా ఉందనుకుంటినమ్మా. ఎవరికన్నా చెబితే నవ్వుతారని భయపడి చస్తిని. నీకేమన్నా అయ్యుంటే మీ అమ్మకి నేనేం చెప్పేది!" అని, చేప వాసన చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుంది.

మా ఆయన టెస్టరు సంగతి కూడా చెప్పేసినా. ఆయన రాగానే అత్త, "ఆ చక్కిలిగింత నువ్వూ చూద్దువు రా నాయనా, చెప్పులిప్పి" అంది. ఆయన ఫ్రిజ్జు దరిదాపులకి కూడా పోకుండా ఎలక్ట్రీషియన్ని పిలుచుకొచ్చినాడు. వచ్చినతను ప్లగ్గు చూసి, "ఎర్తు పిన్ను ఎవరు సార్ పీకినారు?" అన్నాడు. మా ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తా, "బోర్డులో రెండు బొక్కలే ఉన్నాయని..." అని గొణిగినాడు. బోర్డు మార్చి, ఎర్తు వైరు వేసినాక ఫ్రిజ్జు సాధువైపోయింది.

ఇప్పుడున్నది కొత్త ఫ్రిజ్జు, ఎవర్నీ ఏమీ అనదు. అయినా పీట మీద కళ్లు మూసుకుని నిలబడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, పాపమనీ అనిపిస్తుంది. బియ్యం డ్రమ్ము వెనక రెండు జతలూ అట్నే ఉన్నాయి. చుట్టాలొచ్చినప్పుడు, "వంటింట్లోకి చెప్పులతో రాబాకండమ్మా" అని అత్త గట్టిగా చెబుతుంది. నేను పోయి డ్రమ్ముకి అడ్డంగా నిలబడతాను.