పాటల డబ్బాకి జబ్బు చేసింది

మా హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమనడం మొదట పసిగట్టింది మావయ్య, అంటే మావారి నాన్నగారు. ఆయన రైల్వేలో చక్రాలు పరీక్షించే పని చేసి రిటైరయ్యారు. ఆగిన బండి పక్కన నడుస్తూ, చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని పగులుందో లేదో చెప్పేవారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. మలంచా బజారులో ఒక్క కొబ్బరికాయ కొనడానికి ఆయనకి అరగంట పడుతుంది.

డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. సుత్తి కోసం లేస్తారేమోనని చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇది సిక్కమ్మా. సిక్కయిన వ్యాగన్ని బండికి తగిలించం. తీసీసి పక్కన పెట్టీ," అన్నారు. కాగితం మీద 'సిక్' అని రాసి దానికి అంటించారు కూడా.

నేను వింటేగా! చదువుకున్నదాన్ని, పైగా గుంటూరుదాన్ని. పదిసార్లు పీకి పెట్టాను. టిక్కుటిక్కు ఎక్కువైంది తప్ప ఒక్క ఫైలూ తెరుచుకోలేదు.

నా కంగారుకి కారణముంది. అందులో అత్తయ్య పాటలున్నాయి. మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో మంగళహారతి అంటే అత్తయ్యే పాడాలి. గొంతుకి ఆపరేషన్ అని తెలిసిన వారమే ఆవిణ్ణి కూర్చోబెట్టి పదకొండు పాటలు రికార్డు చేశాను. ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురుపోయింది. గుడిలో ఆడవాళ్ళు బతిమాలినా, నేను కాళ్ళావేళ్ళా పడినా, మళ్ళీ ఒక్క పాట పాడలేదు. ఆ పాత గొంతు ఇక ఆ డబ్బాలోనే ఉంది.

"నా పాటలు రెండు సోట్ల దాసినావు కదే?" అని అడిగారు అత్తయ్య.

"రెండు చోట్లే అత్తయ్యా," అన్నాను. అబద్ధం కాదు. ఆ రెండు చోట్లూ ఆ డబ్బాలోనే ఉన్నాయి, అంతే.

మావయ్యకి మాత్రం నిజం చెప్పేశాను. ఆయన నోరెళ్ళబెట్టారు. "రెండు బోగీలూ ఒకే ఇంజనుకి తగిలించీసి, ఇంజను ఆగిపోతే ఒకటైనా ఊరు సేరతాదనుకున్నావేటి?"

ఈలోగా అత్తయ్య తన వైద్యం తాను చేశారు. పొద్దున్న చూస్తే డిస్కు బియ్యం డబ్బాలో ఉంది. "ఫోను నీళ్ళల్లో పడితే బియ్యంలోనే కదా పెట్టినాం?" అన్నారు. బియ్యం దులుపుకుని, బజారులో కంప్యూటర్లు బాగుచేసే బెంగాలీ దాదా దగ్గరికి పరిగెత్తాను.

ఇక్కడ వదినలందరూ అతనికి బౌదీలే. దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "బౌదీ, ఇది ఇంకొక్కసారి తిరిగితే గొప్ప. మధ్యలో ఆగిపోవచ్చు. ముందు ఏటి తియ్యమంటారు?"

తెర మీద న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, ఇలా పద్దెనిమిది దాకా ఉన్నాయి. పేరు పెట్టడానికి బద్ధకించిన నా చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. దేవుణ్ణి తలుచుకుని "ఏడు" అన్నాను. ఏడులో మావారు తీసిన రైలింజన్ల ఫొటోలు. "వద్దొద్దు, తొమ్మిది!" తొమ్మిదిలో అత్తయ్య దొరికారు. తొమ్మిది పాటలు బయటికొచ్చాక డిస్కు మూగబోయింది. రెండు పోయాయి.

ఇప్పుడు ఆ పాటలు కంప్యూటర్లో ఒకసారి, కొత్త డిస్కులో ఒకసారి, గుంటూరులో మా అక్క దగ్గర ఒకసారి ఉన్నాయి. తెరిచి చూడని కాపీ కాపీయే కాదని మావయ్య నెలనెలా అన్నీ విని, రిజిస్టరులో సంతకం పెడుతున్నారు.

పాటలు బయటపడిన రోజు సాయంత్రమే అత్తయ్య ముందు తప్పు ఒప్పుకుని, అక్కకి కూడా పంపానని చెప్పి, మొదటి పాట పెట్టాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని చూస్తున్నాను. ఆవిడ మొహం చిట్లించారు.

"ఆపు. రెండో సరణం తప్పు పాడీసినాను. దీన్నా మీ అక్కకి పంపినావు? పరువు తీసీసినావు కదే! ఫోను తియ్యి, మళ్ళీ పాడతాను."

పాడారు. బొంగురు గొంతు, పైకెళ్ళినచోట రెండుసార్లు చీలింది. ఆవిడ ఆగలేదు. మావయ్య టీవీ కట్టేశారు. నాకు ఏడుపొచ్చేసింది.

"పడినాదా?" అన్నారు అత్తయ్య.

ఫోను చూసుకున్నాను. "అత్తయ్యా... నేను రికార్డు నొక్కనేలేదు."

నెత్తిన ఒక మొట్టికాయ పడింది. "ఏటి సదువే నీది!" అని గొంతు సవరించుకుని, ఈసారి ఎవరూ బతిమాలకుండానే, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.