మునికృష్ణ నాలుక

చంద్రగిరిలో మునికృష్ణ ఎదురొస్తే శుభకార్యానికి బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేవారు. అతని నాలుక మీద మచ్చ ఉందట. ఏమంటే అది జరుగుతుందట. ఆ మచ్చను కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. నింద వేయడానికి ఊరికి సాక్ష్యం దేనికి?

అతను హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే అయ్యవారు. యుద్ధం రోజుల్లో అక్క వరదమ్మకు కొడుకు పుట్టాడు, వెంటనే బాలింత జ్వరం పట్టుకుంది. దానికి మందైన సల్ఫా మాత్రలన్నీ పటాలానికే పోతున్నాయి. బావ మునివెంకటప్ప బట్టల వ్యాపారి. మద్రాసులో ఎవడో అంటగట్టిన పొడి సీసా తెచ్చి, అదే మందని మురిసిపోయాడు.

సీసా మీది పేరు చదవగానే అది అసలు మందు కాదని మునికృష్ణకు తెలిసిపోయింది. సుద్దముక్కతో బావ ఇంటి అరుగు మీద ఆరు మూలల బొమ్మ గీశాడు.

"ఇది సూడు బావా. ఈ మూలన గంధకం ఉండాది. నత్రజని దీనికి సరిగ్గా ఎదురు మూలన ఉండాల. అట్లుంటేనే క్రిమి దాన్ని తన తిండనుకోని మోసపోతాది. దీంట్లో మూల మారిపోయిండాది. సరుకులు అవే, మందు మాత్రం పనిజెయ్యదు. వేలూరికి బండి కట్టు, ఆడ పెద్దాసుపత్రిలో అసలుది దొరుకుతాది."

అప్పుడే, కూతురికి తోడుగా వచ్చిన తల్లి తిరుమలమ్మ దీపం వెలిగిస్తోంది. "సందెయాళ ఏం మాటలురా అవి! తథాస్తు దేవతలు తిరుగుతా ఉంటారు. నీ నోట్లో మన్ను పడ!" అని అరిచింది. బావ ఆ బొమ్మను కాలితో తుడిచేసి, బావమరిదిని మెడపట్టి బయటికి గెంటాడు.

బండి కట్టలేదు. ఆ వారం తిరగకుండానే వరదమ్మ పోయింది. శవం దగ్గర తల్లి, "అక్కను నోటితోనే మింగినావు కదరా!" అని కొడుకు మీద దుమ్మెత్తి పోసింది. పొడి అమ్మినవాణ్ణి మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వాడు మద్రాసులో ఉన్నాడు, ఇతను చేతికి అందేంత దూరంలో ఉన్నాడు.

ఆ తర్వాత మేనల్లుడు చిన్నబ్బ వీధిలో ఆడుకుంటుంటే, ఇతని నీడ కనబడగానే ఎవరో ఒకరు వాణ్ణి ఎత్తుకుని లోపలికి పరుగెత్తేవారు. మునికృష్ణకు ఊరంటే అసహ్యం పుట్టింది. బావంటే ఒళ్ళు మండేది.

చిన్నబ్బకు ఐదేళ్ళు నిండాక ఒకరోజు బావే గడపలోకి వచ్చాడు. చేతిలో తిరుపతి డాక్టరు ఇచ్చిన మాత్రలు.

"బిడ్డకు రొమ్ము జొరం, నిమోనియా అంట. ఈ మందు పనిజేస్తాదని ఒక్క మాట అనబ్బా."

మునికృష్ణ కూర్చోమనలేదు. పేరు చదివాడు. ఈసారి అసలు మందే, అన్నీ ఉండాల్సిన మూలల్లోనే ఉన్నాయి.

"ఆ పొద్దు తప్పు నాదా బావా?"

"అదంతా ఇప్పుడెందుకు? మాట అను."

గెంటేద్దామనే అనుకున్నాడు. కానీ అక్క బిడ్డ. "పనిజేస్తాది. పో, తొందరగా ఎయ్యి," అన్నాడు.

జ్వరం దిగింది. చిన్నబ్బ లేచి తిరిగాడు. మునికృష్ణ ఉండబట్టలేక వాణ్ణి చూడ్డానికి వెళ్ళేసరికి అరుగు నిండా జనం. బావ అతనివైపే వేలు చూపించాడు.

"సూసినారా? వీడు బాగవుతాదంటే బాగైంది. ఆ పొద్దు కూడా ఈ మాటే అనుంటే నా పెండ్లాం బతికుండేది!"

తిరుమలమ్మ మనవణ్ణి ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.