బొమ్మ మొహం

మైసూరు సరస్వతీపురంలో శరావతి టోపీ కిందికి రాని పసిగుడ్డు ఎవడైనా ఉన్నాడంటే వాడింకా పుట్టలేదనే అర్థం. టోపీ అంటే ఊలు టోపీ కాదు. చేపల వలలాంటి అల్లికకు ఉప్పునీళ్లలో నానిన స్పాంజి బిళ్లలు గుచ్చి, బిళ్లకో తీగ కట్టి, ఆ తీగలన్నీ కంప్యూటరుకు తగిలిస్తారు. బుర్రలో జరిగే సందడంతా తెర మీద గీతలై పాకుతుంది. ఆ టోపీ పెట్టుకున్న పిల్లలు శరావతి ఒళ్లో చేసిన పనులన్నీ ఒకచోట పడితే కావేరికి ఇంకో ఆనకట్ట కట్టాల్సి వచ్చేది.

పీహెచ్‌డీ మొదలుపెట్టి అయిదో ఏడు. తల్లిదండ్రులు పెంచే తీరును బట్టి పసివాళ్ల మెదడు ఎలా పెరుగుతుందనేది ఆమె విషయం. చదువు మధ్యలో గాలికొదిలేసినవాళ్లకు శరావతిని చూస్తే ప్రాణం హాయిగా ఉండేది. పొద్దున తినాల్సిన ఉప్పిట్టు, అదే మన ఉప్మా, సాయంత్రానికి గానీ నోట్లోకి పోదు, అప్పటికది ఇటుకై ఉంటుంది. పెళ్లి కాని పిల్ల ఊరందరికీ పెంపకం చెబుతోందని మేనత్త ప్రతి శుభకార్యంలోనూ దెప్పేది. శరావతి పట్టించుకునేది కాదు. వీధి చివర పిల్లవాడు ఏడిస్తే అది ఆకలో, నిద్రో, మొండితనమో ఇక్కణ్ణుంచే చెప్పేస్తుందని ఆమెకు పేరు. ఆ ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కూడా చెప్పేస్తుందని గిట్టనివాళ్లు కలిపేవారు.

ఆమె థీసిస్ అంతా ఒక ఆట మీద నిలబడింది. లాబ్‌లో దాన్ని బొమ్మ మొహం అనేవాళ్లు. తల్లి బిడ్డకు ఎదురుగా కూర్చుని కాసేపు ఆడిస్తుంది. గంట మోగగానే మొహం బిగించి బొమ్మయిపోవాలి. నవ్వకూడదు, పలకకూడదు, చెయ్యి అందివ్వకూడదు. రెండు నిమిషాలు. బిడ్డ ముందు నవ్వుతాడు, కేకేస్తాడు, చేతులు చాస్తాడు, ఆఖరికి బావురుమంటాడు. మళ్లీ గంట మోగుతుంది, తల్లి ఎత్తుకుంటుంది. ఆ ఏడుపుకూ ఓదార్పుకూ మధ్య గీతలు ఎలా మారాయో కొలవడమే పని.

చిక్కల్లా తల్లులతోనే. పెదవి బిగించి రాయిలా కూర్చోమంటే వాళ్ల వల్ల అయ్యేది కాదు. సగంలోనే ఫక్కున నవ్వేవాళ్లు, లేదంటే పిల్లవాడి కంటే ముందు వాళ్లే ఏడ్చేవాళ్లు. ఆట చెడేది, గీతలు పనికిరాకుండా పోయేవి. గైడు ఉడుప సారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆయన తిట్టరు, తుడుచుకుంటారు, అంతే.

అప్పుడు శరావతికి ఒక ఉపాయం తట్టింది. రాబోయే ప్రతి తల్లికీ ముందుగానే ఫోన్ చేసి ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది. "ఇంటి దగ్గర కాస్త సాధన చేసి రండమ్మా, నవ్వు రాకుండా." అంతే. ఆ రోజునుంచి తల్లులు రాతివిగ్రహాల్లా కూర్చున్నారు. క్యాంటీనులో కాఫీ తాగుతూ ఆ ఉపాయానికి తన పేరు పెట్టాలని శరావతి గొప్పలు పోయింది. పెట్టినా పెట్టేవారే.

భాద్రపదంలో భవ్య వచ్చింది, ఎనిమిది నెలల కొడుకు చిన్మయిని చంకనేసుకుని. గంట మోగింది. భవ్య మొహం దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. అంత బాగా చేసిన తల్లి అంతకుముందు లేదు. చిన్మయి మాత్రం నవ్వలేదు, చేతులు చాచలేదు, ఏడవలేదు. తల్లిని ఒకసారి చూసి, చూపు తిప్పి తన కాలి బొటనవేలు చూసుకున్నాడు. మళ్లీ గంట మోగి తల్లి నవ్వుతూ పిలిచినా వేలినే చూసుకుంటున్నాడు. తెర మీద గీతలు ఆట మూడు భాగాల్లోనూ ఒకేలా పాకాయి, గాలి లేనప్పటి కుక్కరహళ్లి చెరువులాగా.

ఉడుప సారు మురిసిపోయారు. ఇంత నిబ్బరమున్న పిల్లవాణ్ణి చూడలేదన్నారు. దసరా తర్వాత లాబ్ చూడటానికి వచ్చే అతిథుల ముందు వీణ్ణే కూర్చోబెట్టమన్నారు. శరావతి కూడా నవ్వింది. వీడు పెద్దయితే బ్యాంకు మేనేజరవుతాడని జోకు కూడా వేసింది. కానీ టోపీ కడుగుతున్నంతసేపూ ఆ గీతలే కళ్ల ముందు పాకాయి. ఊళ్లో ఏడుపులన్నీ తెలుసు గానీ, ఇదేమిటో ఆమెకు తెలియలేదు.

దసరా వచ్చింది. ఇళ్లలో మెట్లు కట్టి బొమ్మలు పేర్చారు. రాజా రాణీ, పెళ్లివారు, ఏనుగులు, కోమటి దంపతులు. బొమ్మలు చూసి కుంకుమ తీసుకెళ్లమని భవ్య అత్తగారు గంగజ్జి ఫోన్ చేసింది. అతిథుల రోజు గురించి మాట్లాడినట్టూ ఉంటుందని శరావతి, ఆవిడ చెప్పిన వేళకంటే ముందే వెళ్లింది.

గంగజ్జి గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని ఆపింది.

"తల్లీ, నువ్వు చదువుకున్నదానివి. మా ఇంటికి దిష్టి తగిలింది. పిల్లాడి నోరు పడిపోయింది. ఉప్పు తిప్పాను, మిరపకాయలు తిప్పాను. ఏడవడు. ఆకలేసినా ఏడవడు."

శరావతి లోపలికి తొంగి చూసింది. మెట్ల మీద బొమ్మలు వరసగా కళ్లు విప్పి చూస్తున్నాయి. కింది మెట్టు పక్కన పట్టుచీర కట్టుకుని ఇంకో బొమ్మ కూర్చుని ఉంది. చెక్కిళ్లు కదలడం లేదు, రెప్ప కూడా కష్టంగా పడుతోంది. ఎదురుగా చాప మీద చిన్మయి. చూపు రాణి మీద పెట్టాడు, ఏనుగు మీద పెట్టాడు, తల్లి మీదుగా జార్చి కోమటి మీద పెట్టాడు. ఏ మొహం దగ్గరా ఆగలేదు.

"భవ్యా," అంది శరావతి.

పెద్ద బొమ్మకు ప్రాణమొచ్చింది. భవ్య గర్వంగా లేచింది.

"చూశారా అక్కా, ఇప్పుడు ఎంతసేపైనా కూర్చుంటా. మొదట్లో వీడు గుక్కపట్టి ఏడ్చేవాడు, నాకు ప్రాణం పోయేది. మీరు చెప్పారు కదా అని పళ్లు బిగబట్టాను. పాలిచ్చేటప్పుడూ స్నానం చేయించేటప్పుడూ అదే పని. తర్వాత వీడికీ అలవాటైపోయింది. బడిలో ఏ పరీక్షా పాసవ్వలేదని మా ఆయన వెక్కిరిస్తాడు. ఇది మాత్రం ఇద్దరం పాసయ్యాం."

 ఎప్పటినుంచి అని శరావతి అడిగింది. తను ఫోన్ చేసిన రోజునుంచేనట. అద్దం ముందు చెయ్యమని తను చెప్పలేదు. రెండు నిమిషాలకు మించి వద్దని చెప్పలేదు. బిడ్డ ఎదుట వద్దని అసలే చెప్పలేదు.

"ఇంక మానెయ్, భవ్యా. తప్పు నాది. వాణ్ణి ఎత్తుకో, మాట్లాడు, నవ్వు."

భవ్య కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక చాప మీద కూర్చుంది. పిల్లవాడి రెండు చెంపలూ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నవ్వింది, పిలిచింది, ఏడ్చింది. చిన్మయి ఆమె వెనకున్న రాణిని చూస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే శరావతి ఉడుప సారు ఇంటికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆ పిల్లవాణ్ణి అతిథుల ముందు కూర్చోబెట్టనంది. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. పిల్లల డాక్టరుకు ఆయనే ఫోన్ చేసి, భవ్య వాళ్లను వెంటనే పంపే ఏర్పాటు చేశారు. ఇంకా చిన్నవాడు, రోజంతా ఆడిస్తే మామూలుకు తిరిగి రావచ్చని డాక్టరు అన్నాడట. రావచ్చు అన్నాడు గానీ, వస్తాడని అనలేదు. ఫోన్ పెట్టేశాక ఉడుప సారు ఒక్క మాటే అడిగారు.

"శరావతీ, ఆ మాట ఇంకా ఎవరికి చెప్పావ్?"

శరావతి బ్యాగులోంచి తల్లుల పేర్ల జాబితా తీసి బల్ల మీద పెట్టింది. అందరికీ చెప్పింది. క్యాంటీనులో గొప్పలు పోయింది కూడా.

మర్నాటినుంచి స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగింది. దసరా కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. బొమ్మలు చూడటానికి వచ్చావా అని కుంకుమ పెట్టారు, చేతిలో గుగ్గిళ్ల పొట్లం పెట్టారు. మొదటి ఇళ్లలో తల్లులు ఆ సాధనను రెండో రోజుకే మర్చిపోయారు. అక్కడి పిల్లలు ఆమె జడ లాగారు, కళ్లద్దాలు పీకారు. ఆ కళ్లద్దాలు వంకరగానే ఉంచుకుని తిరిగింది.

సాయంత్రం గంగజ్జి ఫోన్ చేసింది. భవ్య వంటింట్లోకి పోబోతే పిల్లాడు కొంగు పట్టుకున్నాడట.

"ఏడ్చాడా అజ్జీ?"

"లేదు తల్లీ. పట్టుకున్నాడంతే. మొహం చూడలేదు."

అప్పటికి శరావతి తొణచికొప్పల్‌లో ఒక ఇంటి ముందు నిలబడి ఉంది. ఇక్కడ కవల ఆడపిల్లలు. వీళ్ల తల్లి ఆటలో నవ్వలేదని, చక్కగా చేసిందని శరావతే చప్పట్లు కొట్టింది. కిటికీలోంచి దసరా దీపాల వెలుగు, మెట్ల మీద బొమ్మల తలలు కనిపిస్తున్నాయి. ఇద్దరు పసిపిల్లలున్న ఇల్లు. వీధి మొదటినుంచే గోల వినిపించాలి.

శరావతి గంట నొక్కి చెవి తలుపుకు ఆనించింది. అయిదేళ్లుగా పిల్లల ఏడుపులే కొలిచిన మనిషి, ఒక్క ఏడుపు వినిపించమని చాముండికి మొక్కుకుంది. లోపల పట్టుచీర సరసరలాడింది. ఎవరో లేచి వస్తున్నారు. ఇంకే చప్పుడూ లేదు.